పటంలో లేని ఊరి సర్పంచ్

రెండు వేల ఒకటో సంవత్సరంలో గంగుబాయి నల్లబండ ఊరికి సర్పంచ్ అయింది. అయింది అనడం కన్నా చేశారు అనడం న్యాయం. ఆ విడత ఊరు బీసీ మహిళకు రిజర్వు అయిందని తెలిసిన రోజు పెద్దమనుషులంతా పంచాయతీ అరుగు మీద చేరి, చెప్పినచోట సంతకం పెట్టే ఆడమనిషి ఎవరున్నారా అని ఆలోచించారు. గంగుబాయి ఎవరి జోలికీ పోదు. పొద్దున లేస్తే చాట ముందేసుకుని బీడీలు చుడుతుంది, సాయంత్రం కట్టలు కార్ఖానాలో అప్పజెప్పి వస్తుంది. ఆమె భర్త లక్ష్మీరాజం సంగతి అంటారా, ఎవరు చాయ్ తాగిస్తే ఆ పూటకు వాళ్ళ మనిషి. ఇంతకన్నా మంచి జోడీ దొరకదని అందరూ ఒక్కమాట మీదికి వచ్చారు.

గంగుబాయి ఎనిమిదో ఏటి నుంచి బీడీలు చుడుతోంది. ఒళ్ళో చాట, చాట కింద పుస్తకం పెట్టుకుని ఏడో తరగతి దాకా చదివింది. తునికాకును కత్తెరతో ఒకే కొలతకు కోయడంలో ఆమెను మించినవాళ్ళు బోధన్ తాలూకాలో లేరని చెప్పుకునేవారు. కార్ఖానాలో చెకింగ్ చేసే మనిషి అందరి కట్టలూ విప్పి చూసేవాడు గానీ ఆమెవి విప్పకుండానే పక్కన పెట్టేవాడు. నలభై ఏళ్ళు నిండేదాకా లోకం ఆమెకు ఇచ్చిన మర్యాద అదొక్కటే.

గెలిచింది ఆమె, కుర్చీలో కూర్చున్నది లక్ష్మీరాజం. రెండు జతల తెల్లబట్టలు కుట్టించుకున్నాడు. లెటర్‌ప్యాడ్ అచ్చు వేయించాడు. అందులో 'గంగుబాయి, సర్పంచ్' అని చిన్న అక్షరాల్లోనూ, 'భర్త: లక్ష్మీరాజం' అని పెద్ద అక్షరాల్లోనూ ఉంది. ఊరికి వచ్చిన అధికారులు ఆయనతో మాట్లాడి, ఆయనతో చాయ్ తాగి, ఆయనకు నమస్కారం పెట్టి పోయేవారు. చివర్లో కాయితం మాత్రం బెంచీ మీద కూర్చున్న గంగుబాయి చేతికి వచ్చేది. అక్కడే పెద్దమనుషుల లెక్క తప్పింది. ఆమెకు ఒక దురలవాటు ఉంది. సంతకం పెట్టేముందు కాయితం మొత్తం చదువుతుంది.

ఆమె సర్పంచ్ అయిన మూడో ఏటికి, రెండేళ్ళుగా వానలు లేవు. బావుల్లో నీళ్ళు అడుగంటాయి. చెరుకు నిలువునా ఎండి పొయ్యి కిందికి పనికొచ్చింది. పక్క ఊళ్ళలో పగలంతా బోరు లారీల మోతే. నల్లబండలో ముప్పై ఒక్క బోర్లు వేస్తే ఇరవై ఆరింటిలో దుమ్ము లేచింది. అలాంటప్పుడు మండలాఫీసు నుంచి ఒక ఫారం వచ్చింది. ఊరికో ఊటకుంట తవ్విస్తారట. వాన నీళ్ళు కుంటలో నిలిచి భూమిలోకి ఇంకి, చుట్టుపక్కల బావులు ఊరతాయట. లక్ష్మీరాజం ఫారం నింపేశాడు. గంగుబాయి చదివి, ఒకచోట వేలు పెట్టి ఆగింది. పదకొండో గడి ఖాళీగా ఉంది.

మర్నాడు ఇద్దరూ మండలాఫీసుకు పోయారు. అక్కడి గుమస్తా రామస్వామి ఆ గడిని పైకి చదివాడు. "'గ్రామ భూగర్భ పటము, నైసర్గిక పటము జతపరచవలెను.' ఇది లేకుంటే ఫైలు కదలదమ్మా."

"భూగర్భం అంటే భూమి లోపట. గది సమజైంది సారు. నైసర్గికం అంటే ఏంది?" అంది గంగుబాయి.

రామస్వామి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆ మాట ఆయన ఎన్నో కాయితాల మీద రాశాడు. దానికి అర్థం ఒకటి ఉంటుందన్న అనుమానం ఆయనకు ఎప్పుడూ రాలేదు.

"నైసర్గికం అంటే... నైసర్గికమే అమ్మా. పైకెల్లి వచ్చిన మాట. మనం మార్చద్దు."

"మిగతా ఊర్లోల్లు ఏం పెడ్తున్నరు మరి?"

"ఏం పెడ్తలేరు. అందుకే ఏ ఫైలూ కదుల్తలేదు," అన్నాడు రామస్వామి, పద్ధతి ప్రకారం పనులు జరుగుతున్నందుకు తృప్తిగా.

లక్ష్మీరాజం ఇదేమంత పని అనుకున్నాడు. అదే రోజు బోధన్ బజారులో పుస్తకాల దుకాణానికి పోయి, గోడకు తగిలించే ఆంధ్రప్రదేశ్ పటం ఒకటి చుట్టగా చుట్టి చంకలో పెట్టుకుని వచ్చాడు. అందులో నిజామాబాద్ జిల్లా కందిగింజ కన్నా కాస్త పెద్దగా, ఆకుపచ్చ రంగులో ఉంది. నల్లబండ ఏదని గంగుబాయి అడిగితే, ఆయన కందిగింజ మీద చిటికెన వేలు ఆనించి, "దీని కిందనే ఉంటది," అన్నాడు.

ఇక ఆయనతో పని కాదని గంగుబాయికి అర్థమైంది. రెండు రోజుల బీడీలు ముందే చుట్టి పెట్టుకుని, ఒక్కతే బస్సెక్కి నిజామాబాద్ పోయింది.

జిల్లా కేంద్రంలో భూపటాల విభాగం అనే ఒక ఆఫీసు ఉంది. ఎక్కడుందని నలుగురిని అడిగితే నాలుగు దిక్కులు చూపించారు. చివరికి ఒక పాత మేడ మీద దొరికింది. పొడుగాటి బల్ల వెనకాల దేవిదాస్ అనే డ్రాఫ్ట్స్‌మన్ కూర్చుని ఉన్నాడు. యాభై దాటిన మనిషి, వేళ్ళ సందుల్లో సిరా మరకలు. ఆయన వెనక నిలువెత్తు ఇనప బీరువాలు వరసగా నిలబడి ఉన్నాయి. గంగుబాయి నమస్కారం పెట్టి సంగతి చెప్పింది.

"దానిదేముందక్క, నంబర్ చెప్తే ఇస్త. ఏ షీటు?" అన్నాడు దేవిదాస్.

"మా ఊరి షీటు సారు. నల్లబండ."

"ఊర్ల పేర్ల మీద ఉండయి. నంబర్ల మీద ఉంటయి."

"మరి మా ఊరి నంబరెంత?"

"అది ఇండెక్స్ పటంల చూడాలె."

"జర సూడుండ్రి."

"ఇండెక్స్ పటం బీరువల ఉన్నది."

"బీరువ తెర్వుండ్రి మరి."

"తాళంచెవి మా ఆఫీసరు సారు దగ్గర ఉంటది. సారు లీవుల ఉన్నడు. వచ్చినంక దరఖాస్తు పెట్టుకుంటే తెరిపిస్తడు."

"దరఖాస్తుల ఏం రాయాలె?"

"షీటు నంబర్ రాయాలె," అన్నాడు దేవిదాస్. చెప్పాక ఆయనకే ఎలాగో అనిపించినట్టుంది, కొంచెం ముందుకు వంగి గొంతు తగ్గించాడు. "ఏమనుకోకక్క. గివి అందరికిచ్చేటివి కావు. శత్రువుల చేతుల పడ్డయనుకో, దేశానికే ఖత్రా."

"మా ఊరి మీదికి శత్రువులెందుకొస్తరు సారు? వచ్చినా తాగనీకె నీల్లు లేవు," అంది గంగుబాయి.

బస్టాండుకు తిరిగి వస్తుంటే ఒక బోర్డు కనబడింది. 'ఇంటర్నెట్. ప్రపంచమంతా మీ చేతిలో.' కింద వరుసలో జిరాక్స్, లామినేషన్, గల్ఫ్ వీసా ప్రింట్లు. గంగుబాయి బోర్డు ముందు నిలబడి కాసేపు ఆలోచించింది. ప్రపంచమంతా ఉందంటే అందులో నల్లబండ కూడా ఉండి తీరాలి. లోపలికి పోయింది.

ఆ సెంటర్ యజమాని రాజమల్లు ఇరవై ఐదేళ్ళు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపిన మనిషి. మిషన్లు పాత ఇనుముకు పోయాక ఆ బల్లల మీదే నాలుగు కంప్యూటర్లు పెట్టాడు. పది వేళ్ళతో, కీబోర్డు వైపు చూడకుండా, వెన్ను నిటారుగా పెట్టి టైపు చేస్తాడు. పరీక్షల రిజల్ట్సు, దుబాయి వీసాలు తప్ప ఇంతవరకు ఆయనను ఎవరూ ఏమీ అడగలేదు. ఒక ఆడమనిషి వచ్చి ఊరి పటం కావాలంటే ఆయనకు ఉత్సాహం వచ్చింది.

"కూసో చెల్లె. ఇప్పుడే అడుగుదాం," అని టకటకా కొట్టాడు. 'గౌరవనీయులైన అయ్యా, నల్లబండ గ్రామ పటమును దయతో పంపవలసిందిగా ప్రార్థన' అని ఇంగ్లీషులో, కామాలు, ఫుల్‌స్టాపులతో సహా. కంప్యూటర్ కాసేపు ఆలోచించి, ఏమీ దొరకలేదంది.

"మర్యాద ఎక్కువైనట్టుంది," అన్నాడు రాజమల్లు.

ఈసారి వట్టి నిజామాబాద్ అని కొట్టాడు. ఉత్తరప్రదేశ్‌లో ఇంకో నిజామాబాద్ ఉందని, అక్కడ నల్ల కుండలు బాగా చేస్తారని తెలిసింది. పాత పేరుతో అడుగుదామని ఇందూరు అని కొట్టాడు. మధ్యప్రదేశ్‌లోని ఇండోర్ పటం, వీధులతో సహా, ఎంత బాగా వచ్చిందంటే రాజమల్లు దాన్ని ప్రింటు తీయబోయాడు. గంగుబాయి చేయి అడ్డం పెట్టింది. "అన్నా, మనకు ఇండోర్‌ల కుంట తవ్వేది లేదు."

ఆ రోజు అంతే. మరుసటి వారం మళ్ళీ పోయింది. ఈసారి గంగుబాయి పదకొండో గడిని చీటీ మీద రాసుకొచ్చింది. ఊరిని అడిగితే లోకానికి తెలియడం లేదు కనుక, పటం పేరుతోనే అడుగుదామంది. రాజమల్లు డిక్షనరీ తీసి వెతికి, నైసర్గికం అంటే టోపోగ్రాఫిక్ అని కనిపెట్టాడు. నేల ఎత్తుపల్లాలు, వాగులు, గుట్టలు చూపించేదట. గంగుబాయి ఆ అర్థాన్ని చీటీ వెనక రాసుకుంది. రామస్వామికి చెప్పాలి.

ఆ మాటతో వెతికితే ఒక పేజీ తెరుచుకుంది. అమెరికాలో ఏదో యూనివర్సిటీ లైబ్రరీవాళ్ళు పెట్టినది. ఎప్పుడో యాభై ఏళ్ళ కింద వాళ్ళ మిలిటరీ తయారు చేయించిన పటాలట. పేజీ మొదట్లోనే గళ్ళు గళ్ళుగా మొత్తం ఇండియా, ఒక్కో గడిలో ఒక్కో నంబరు. అది ఇండెక్స్ పటం. నిజామాబాద్‌లో తాళం వేసి పెట్టినది అక్కడ తలుపు లేకుండా పడి ఉంది.

"గిది రహస్యం గాదా అన్నా?" అంది గంగుబాయి, అటూ ఇటూ చూసి.

"మనకు రహస్యం. వాల్లకు కాదనుకుంట," అన్నాడు రాజమల్లు.

ఏ గడి నొక్కాలో ఆయనకు తెలియలేదు. గంగుబాయి తెర మీదికి వంగింది. కిందటేడు గోదావరి పుష్కరాలకు కందకుర్తి పోయి, గోదావరిలో మంజీర కలిసేచోట మునిగి వచ్చింది. నీలం గీతలను వేలితో పట్టుకుని నడిచింది. పడమటి నుంచి వచ్చేది గోదావరి, దక్షిణం నుంచి పైకి వచ్చి కలిసేది మంజీర. "గిదే అన్నా, ఈ గడి నొక్కు," అంది.

పటం పైనుంచి కిందికి, పరదా దించినట్టు, వేలెడు వేలెడు దిగడం మొదలైంది. వేలెడుకు ఐదు నిమిషాలు. ధర్మాబాద్ వచ్చింది. గోదావరి వచ్చింది. కందకుర్తి దగ్గర మంజీర కలిసింది. ఇద్దరూ తెరకు ఇంకాస్త దగ్గరికి జరిగారు. బోధన్‌లో మొదటి అక్షరం కనబడింది. కరెంటు పోయింది.

"మనకు పన్నెండు నుంచి రెండు దాకా కోత ఉంటది. మర్సేపోయిన," అన్నాడు రాజమల్లు నెత్తి గోక్కుంటూ.

రెండు గంటలకు మళ్ళీ మొదటి నుంచి దించారు. ఈసారి బోధన్ వచ్చింది, బోధన్ నుంచి నిజామాబాద్ వైపు రోడ్డు వచ్చింది. ఆ రోడ్డు నల్లబండ చేరబోయే ముందు పటం అయిపోయింది. తెల్ల అంచు. పక్క గడి నొక్కి ఇంకో గంట కూర్చుంటే నిజామాబాద్ ఉన్న పటం వచ్చింది. అందులో రోడ్డు నల్లబండ దాటాక మొదలవుతోంది. దొరలు దేశాన్ని కాయితాలుగా కోసినప్పుడు గీత సరిగ్గా నల్లబండ నడిబజారు మీదుగా పోయింది. ఊరి పేరు ఎటూ లేదు. చుట్టూ ఉన్న నాలుగు ఊళ్ళ పేర్లు ఉన్నాయి, అందులో ఒకటి గంగుబాయి పుట్టినూరు.

ఇంకో సైటులో భూగర్భ పటం కూడా దొరికింది. దక్కన్ మొత్తం ఒకే పేజీ మీద. జిల్లా బొటనవేలి గుర్తంత ఉంది. సగం గులాబీ రంగు, సగం ఆకుపచ్చ. గులాబీ అంటే గ్రానైటు రాయి, ఆకుపచ్చ అంటే నల్లరాయి అని పక్కన రాసి ఉంది. రెండు రంగులూ కలిసేది బోధన్‌కు ఇవతలే. నల్లబండ అక్కడా గీత మీదే పడింది.

రాజమల్లు అన్నీ పెద్దవి చేసి, ముక్కలు ముక్కలుగా పద్దెనిమిది కాయితాల మీద ప్రింటు తీశాడు. తీశాక గుర్తొచ్చింది, ఆయన ప్రింటరుకు నలుపు తప్ప వేరే రంగు తెలియదు. గులాబీ, ఆకుపచ్చ, నీలం, మూడూ బూడిద రంగులో వచ్చాయి.

గంగుబాయి ఆ కట్ట పట్టుకుని మళ్ళీ మేడ మీది ఆఫీసుకు పోయింది. కోపంతో కాదు. గీతలు చదవడం ఆమెకు రాదు, వచ్చిన మనిషి ఆమెకు తెలిసినవాడు ఒక్కడే. దేవిదాస్ కాయితాలు చూసి లేచి పోయి తలుపు దగ్గరికి వేశాడు.

"యాడ దొరికినయక్క గివి?"

"బస్టాండ్ కాడ సారు. జిరాక్స్ దుకాణంల."

దేవిదాస్ సొరుగులోంచి భూతద్దం తీసి, కాయితాలను బల్ల మీద పరిచి, పసిపిల్ల ముఖం చూసినట్టు వంగి చూశాడు. అంచులు ఎలా కలపాలా అని తలపట్టుకుంటే, గంగుబాయి సంచిలోంచి తునికాకు కత్తెర తీసింది. తెల్ల అంచులు కోసి, ఇటు రోడ్డుకు అటు రోడ్డు, ఇటు వాగుకు అటు వాగు ఆనించి, వెంట్రుకవాసి తేడా లేకుండా కలిపింది.

"గింత సాఫ్ కటింగ్ మా ఆఫీసుల ఎవ్వలకు రాదు," అన్నాడు దేవిదాస్. "ఇగో చూడక్క. ఈ సన్న గీత ఉన్నది సూడు, దీని మీద యాడ నిలబడ్డా ఎత్తు ఒక్కటే. గీతలు దగ్గర దగ్గరుంటే గుట్ట. దూరం దూరముంటే సాఫ్ జాగ. గీత గిట్ల లోపటికి వంగినకాడ నీల్లు పారుతయి."

ఆమె వేలు వంపు వెంట నడిచింది. ఊరికి ఉత్తరాన వంపు చివర నువ్వుగింజంత మరక, దాని కింద ముదురు గీత.

"గిదేంది సారు?"

దేవిదాస్ భూతద్దం పెట్టి చూశాడు. "కుంట. ఈ గీత కట్ట."

"మాకాడ కుంట లేదు."

"ఇప్పుడు లేదేమో. అప్పుడుండె."

ఊరికి వచ్చాక గంగుబాయి మైదాపిండి ఉడికించి, పాత చీర మీద పద్దెనిమిది కాయితాలూ అంటించింది. మనుషులు చూస్తే తెలియాలి కదా అని, రంగులు పోయినచోట ఇంట్లో ఉన్నవే రాసింది. నల్లరాయి నేలకు పసుపు, గ్రానైటుకు కుంకుమ, వాగులకు బట్టల నీలిమందు. పంచాయతీ గదిలో గోడకు తగిలించి, ఊళ్ళోవాళ్ళను పిలిచింది. పసుపూ కుంకుమా చూసి ముసలమ్మలు చెప్పులు బయట విడిచారు. భూమవ్వ అనే ఆవిడ వంగి దండం పెట్టి, ఇది ఏ అమ్మవారని అడిగింది.

"అమ్మవారు గాదవ్వా, మన ఊరు," అంది గంగుబాయి.

"మంచిదే బిడ్డా, ఊరమ్మనే," అని భూమవ్వ కొబ్బరికాయకు పోయింది.

కుంట మాట చెబితే ఎవరూ నమ్మలేదు. ఎనభై ఏళ్ళ నాగవ్వ మాత్రం గుమ్మంలో కూర్చుని తల ఊపింది. "ఉండె. మా అత్త గాడ బట్టలుతికేది. పెద్దవాన కొట్టిన ఏడు కట్ట తెగింది, మల్ల ఎవ్వడు పట్టించుకోలె. ఇప్పటికి గా జాగను కుంటచెల్క అనే అంటరు గద, ఎందుకంటరనుకున్నరు?"

అందరూ పుట్టినప్పటి నుంచి ఆ మెట్టచేనును కుంటచెల్క అంటూనే ఉన్నారు. ఎందుకని ఒక్కడికీ తోచలేదు.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. ఇంజనీరు అప్పటికే ఊటకుంటకు జాగా చూసి పోయాడు. రోడ్డు పక్కన, ఊరికి దక్షిణాన. అది ఎందుకు మంచి జాగా అంటే, అక్కడిదాకా జీపు పోతుంది. కానీ అక్కడ జానెడు మట్టి కింద పరుపుబండ. నీళ్ళు నిలుస్తాయి, ఎండకు ఆవిరైపోతాయి, చుక్క ఇంకదు. ఊరికి ఆ పేరు పెట్టిందే ఆ బండ చూసి.

మార్చి ఇరవై తొమ్మిదిన జిల్లా ఆఫీసులో ఊటకుంటల ఫైళ్ళు చూసే పెద్దసారు దగ్గరికి గంగుబాయి, లక్ష్మీరాజం పోయారు. పటం చుట్ట లక్ష్మీరాజం భుజం మీద ఉంది. గదిలో ఒకటే ఖాళీ కుర్చీ.

"కూర్చోండి సర్పంచ్‌గారూ," అన్నాడు పెద్దసారు లక్ష్మీరాజంతో. "ఏమిటి మీ ఊరి సంగతి?"

లక్ష్మీరాజం కుర్చీ వైపు ఒక అడుగు వేశాడు. ఆగాడు. భుజం మీది చుట్ట విప్పితే తను ఏం చెప్పాలో ఆయనకు తెలియదు. కందిగింజ గుర్తొచ్చిందో ఏమో, పక్కకు జరిగాడు.

"నేను గాదు సార్. ఆమెనే సర్పంచ్," అన్నాడు.

మూడేళ్ళలో ఆ మాట ఆయన నోట రావడం అదే మొదలు. గంగుబాయి ఒక్క క్షణం ఆయన వైపు చూసి, కూర్చుని, పటం బల్ల మీద పరిచింది. పసుపు వాసన గదంతా కమ్ముకుంది. పెద్దసారు వెనక్కి జరిగాడు.

"ఇది ఎక్కడిది?"

"ఇంటర్నెట్ల దొరికింది సారు. అమెరికావాల్లది."

"విదేశీ పటం ప్రభుత్వ ఫైలులో ఎట్లా పెడతాం? పైగా స్కేలు తప్పు. మనం అడిగింది యాభై వేలకు ఒకటి, ఇది రెండున్నర లక్షలకు ఒకటి. అన్నిటికన్నా ముఖ్యం," అని ఆయన కళ్ళజోడు సర్దుకుని అంచు నుంచి అంచుదాకా వెతికాడు, "ఇందులో మీ ఊరే లేదు. లేని ఊరికి కుంట ఎట్లా మంజూరు చేయమంటారు?"

"లేని ఊరికి ఇంటి పన్ను ఎట్ల వసూలు చేస్తున్నరు సారు? లేని ఊర్ల నాకు నాలుగొందల పన్నెండు ఓట్లు ఎట్ల పడ్డయి?"

అప్పుడే పక్కగదిలోంచి ఒక గుమస్తా వచ్చి పెద్దసారు చెవిలో ఏదో చెప్పాడు. ముప్పై ఒకటో తారీఖు లోపల మంజూరు చేయకపోతే ఆ పద్దు మొత్తం వెనక్కి పోతుందట. జిల్లాలో పదకొండో గడి నిండిన ఫారం ఇదొక్కటేనట. పెద్దసారు ముఖంలో విదేశీ పటం మీద ఉన్న పట్టింపు మెల్లగా సడలింది.

"జాగా ఎక్కడన్నారు?"

"ఉత్తరం దిక్కు. కుంటచెల్క. పాతకట్టనే మల్ల కట్టాలె."

"పాతది బాగుచేయడానికి పద్దు లేదు. కొత్తది తవ్వడానికే ఉంది."

"అయితే కొత్తదని రాయుండ్రి సారు. మాకేం అభ్యంతరం లేదు."

అలా పాతకట్ట మీద కొత్తకుంట మంజూరైంది. పటాన్ని మాత్రం పెద్దసారు తిరిగి ఇవ్వలేదు. దాని నాలుగు మూలలా 'రహస్యం' అని ముద్ర కొట్టించి, మడతపెట్టించి, బీరువాలో పెట్టించాడు. మాకు ఒక నకలైనా ఇవ్వండి అంటే, దరఖాస్తు పెట్టుకోమన్నాడు.

కట్ట పని ఎండాకాలమంతా సాగింది. జీపు పోని చోటికి ఇంజనీరు రెండుసార్లు నడిచి వచ్చి రెండుసార్లూ చెప్పులు తెంపుకున్నాడు. పని అయిపోయాక రాతిపలక పెట్టారు. దాని మీద పదకొండు మంది పెద్దల పేర్లు ఉన్నాయి. గంగుబాయి పేరుకు చోటు చాలక, పలక పక్క అంచున చెక్కారు. ఊరి పేరు నల్లబండి అని పడింది.

ఆ ఏడు వానలు అంతంతే. మరుసటేడు ఆగస్టులో మాత్రం మూడు రోజులు విడవకుండా కొట్టింది. కుంట నిండింది. మత్తడి దూకి నీళ్ళు పొర్లలేదు గానీ, దసరా నాటికి దిగువన పద్నాలుగు బావుల్లో నీళ్ళు పైకి వచ్చాయి. ఎగువనున్న తొమ్మిదింట్లో ఏమీ రాలేదు. ఆ తొమ్మిది మందీ గంగుబాయిని పటం చూసి తమ పొలాలు తప్పించిందని తిట్టారు. పద్నాలుగు మందీ దేవుడి దయ అన్నారు. నాగవ్వ మాత్రం కర్ర పట్టుకుని కట్టదాకా పోయి, నీళ్ళు తాకి వచ్చి, నెత్తి మీద చల్లుకుంది.

ఆ తర్వాత మండలాఫీసులో రామస్వామి ఎవరైనా పదకొండో గడి అడిగితే, "నల్లబండ గంగుబాయి దగ్గరికి పోండ్రి," అనేవాడు. ఏడెనిమిది ఊళ్ళ సర్పంచులు వచ్చారు. అందులో ముగ్గురు ఆడవాళ్ళు. వాళ్ళతో భర్తలు రాకుండా చూసి, గంగుబాయి వాళ్ళను రాజమల్లు దగ్గరికి తీసుకుపోయేది. పన్నెండుకు ముందే పోవాలని, ఊరి పేరు కాదు నదిని పట్టుకోవాలని చెప్పేది.

రెండు వేల ఆరులో పదవి అయిపోయింది. ఈసారి ఊరు జనరల్ అయింది, పెద్దమనుషుల్లోంచే ఒకాయన గెలిచాడు. గంగుబాయి మళ్ళీ నిలబడతానంటే, ఆడవాళ్ళకు రిజర్వు లేదు కదా అని అందరూ ఆశ్చర్యపోయారు. నిలబడింది. అరవై ఓట్ల తేడాతో ఓడిపోయింది. లక్ష్మీరాజం ఆమె తరఫున ఇంటింటికీ తిరిగాడు, ఎవరి చాయ్ కూడా తాగలేదు. తెల్లబట్టలు అప్పటికే మాసికలు పడ్డాయి.

ఆ శీతాకాలం ఒక పొద్దున దేవిదాస్ బస్సు దిగాడు. కిందటి నెలే రిటైరయ్యాడట. చేతిలో గొడుగు, సంచిలో రెండు అరటిపండ్లు. గంగుబాయి చాట పక్కకు జరిపి లేచింది.

"ముప్పై రెండేండ్లు పటాలు గీసినక్క. యాడికీ పోలె. టేబుల్ మీదికెల్లి లేవలె. మీ కుంట ఒక్కసారి చూపిస్తవా?"

ఇద్దరూ కుంటచెల్కకు నడిచారు. చెరుకు తోటల మధ్య నుంచి బాట కొంచెం కొంచెంగా ఎక్కుతోంది. సగం దూరంలోనే దేవిదాస్ రొప్పడం మొదలుపెట్టాడు. కట్ట కింద ఆగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, వచ్చిన దారి వైపు తిరిగి చూశాడు.

"గింత ఎక్కుడుకు నేను ఒక్క గీత గీస్తుండె," అన్నాడు.

"ఇంకొద్దిగనే సారు. మీదికెక్కినంక కూసుందురు."

కట్ట మీద గాలి చల్లగా ఉంది. నీళ్ళు మోకాలిలోతు ఉన్నాయి, ఒక మూల బర్రెలు పడుకున్నాయి. దేవిదాస్ చెప్పులు విడిచి అంచు వెంట అడుగులో అడుగు వేస్తూ, కట్ట ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు. తిరిగి వచ్చి రాతి మీద కూర్చుని, అరటిపండ్లు తీసి ఒకటి ఆమెకు ఇచ్చాడు. ఎత్తు ఎంత, లోతు ఎంత, నీళ్ళు ఎన్ని నెలలుంటాయి అని అడిగాడు. తెలిసినవి ఆమె చెప్పింది. తెలియనివి తెలియదంది.

కార్ఖానా సాయంత్రం మూసేస్తారని, ఆలోపు ఇంకా మూడు కట్టలు చుట్టాలని చెప్పి గంగుబాయి లేచింది. ఆయన మాత్రం ఇంకాసేపు కూర్చుంటానన్నాడు.